ఎవరి హక్కు వారికి చెల్లిద్దాం

మంత్రాలయంలో గురువారం వచ్చిందంటే ఊరు ఊరులా ఉండదు. రాఘవేంద్రస్వామి బృందావనాన్ని దర్శించుకోవడానికి ఇటు మన రాష్ట్రం నుంచీ, అటు కర్ణాటక నుంచీ వచ్చే భక్తులతో తుంగభద్ర ఒడ్డు నిండిపోతుంది. మంత్రాలయం రోడ్డు స్టేషనులో రైలు దిగినవాళ్ళను ఊళ్ళోకి చేర్చే ఆటోలు, టీ బంకులు, పండ్ల బండ్లు, చిన్నచిన్న హోటళ్ళు ఆ రోజు అర్ధరాత్రి దాకా మూతపడవు. ఈ బతుకుతెరువుల్లో మన సోదరులూ ఉన్నారు. గురువారం రాత్రి రెండు గంటలకు ఇల్లు చేరి, ఫజర్ అజాన్ వినబడగానే కళ్ళు నులుముకుంటూ లేచి, మధ్యాహ్నం జుమా నమాజుకు ముందు వరుసలో కూర్చునేవాళ్ళను మేము చూశాం.

అలాంటి ఒక ఆటో డ్రైవరు సోదరుని గురించి చెప్పి ఈ వారం విషయంలోకి వెళదాం. పేరు అవసరం లేదు. ఆ చుట్టుపక్కల అందరూ ఆయన్ని ‘భాయ్’ అంటారు. మనమూ అలాగే అందాం.

ఊరందరికీ ఒక్కడే

ఎవరింట్లోనైనా మరణం సంభవిస్తే ముందు కబురు భాయ్‌కే అందేది. మయ్యిత్‌కు గుసుల్ చేయించడం, కఫన్ తెప్పించడం, ఖబర్ తవ్వించడం, జనాజా నమాజుకు దూరపు బంధువులను స్టేషను నుంచి తీసుకురావడం అన్నీ ఆయన పనులే. నడిరాత్రి నొప్పులు పడుతున్న స్త్రీని ఆదోనికి చేర్చాలంటే ఆయన ఆటోయే. అది ముస్లిము ఇల్లా, హిందువుల ఇల్లా అని ఏనాడూ అడగలేదు. మసీదు కమిటీ లెక్కలు, రంజాను ఇఫ్తారు ఏర్పాట్లు, మదరసా పిల్లల పుస్తకాలు కూడా ఆయన నెత్తినే ఉండేవి. పగలంతా ఆటో, రాత్రంతా సేవ. ఈ రెంటికీ నడుమ నిద్ర మూడు, నాలుగు గంటలకు మించేది కాదు.

ఆయనకు చక్కెర జబ్బు ఉందని తెలిసి ఏడేళ్ళయింది. మాత్రలు అయిపోతే, “రేపు తెచ్చుకుంటాలే” అనేవాడు. ఆ రేపు నెల దాటేది. ఎండాకాలంలో ఒకరోజు కాలి బొటనవేలికి రాయి తగిలి గాయమైంది. చక్కెర జబ్బు ముదిరినవారికి పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది, నొప్పి తెలియదు. నొప్పి తెలియని గాయాన్ని ఎవరు పట్టించుకుంటారు? రెండు వారాల తర్వాత చెప్పు వదిలి చూస్తే వేలు నల్లబడింది. చివరికి ఆ వేలు తీసేయవలసి వచ్చింది. మూడు నెలలు ఆటో కదలలేదు. కిస్తీలు నిలిచిపోయాయి. పెద్దకూతురు చదువుతున్న ఇంటరు మానుకునే పరిస్థితి వచ్చింది.

పలకరించడానికి మేము వెళ్ళినప్పుడు గడప లోపలి నుంచి భాభీ అన్న మాట ఇంకా మా చెవుల్లో ఉంది. “ఊరికంతా భాయ్ అయినాడు గానీ, బిడ్డలకు అబ్బా కాలేకపోయినాడన్నా. చెబితే, ‘సవాబు పని చేస్తుంటే అడ్డం పడతావా’ అనేవాడు. నేను అడ్డం పడినానా? ఒక్కపూట మాతో కూర్చుని తినమన్నాను, అంతే.”

ఆ ఇంట్లోనే మరో విషయమూ తెలిసింది. భాయ్ తమ్ముడు బెంగుళూరులో టైల్స్ పని చేయిస్తున్నాడు. సంపాదన బాగుంది. మంచివాడే. కానీ ఊరి పనుల గురించి ఎప్పుడు ఎత్తినా ఆయన జవాబు ఒకటే: “కాస్త స్థిరపడనీ అన్నా. ఇల్లు కట్టుకోనీ. పిల్లల పెళ్ళిళ్ళు కానీ. ఆ తర్వాత నా జీవితమంతా ఖౌమ్‌కే.” పదిహేనేళ్ళుగా ఆయన ఇదే చెబుతున్నాడు.

ఒకే తల్లి బిడ్డలు. ఒకరు తన దగ్గర ఏదీ మిగుల్చుకోకుండా ఇచ్చేశారు. మరొకరు మిగిలాక ఇద్దామనుకుంటున్నారు. మనలో చాలామందిమి ఈ ఇద్దరిలో ఎవరో ఒకరి పక్కన నిలబడి ఉన్నాం. మరి ధర్మం మనల్ని ఎక్కడ నిలబడమంటోంది?

సల్మాన్ (రజి) నేర్పిన పాఠం

దైవప్రవక్త ముహమ్మద్ (స) మదీనాకు వలస వచ్చిన తర్వాత ముహాజిర్లకూ అన్సార్లకూ నడుమ సోదర బంధం కలిపారు. అలా హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి), హజ్రత్ అబూ దర్దా (రజి) అన్నదమ్ములయ్యారు. ఒకరోజు సల్మాన్ (రజి) తన సోదరుని ఇంటికి వెళ్ళారు. ఇంటి ఇల్లాలు ఉమ్మె దర్దా (రజి) మాసిన, పాత దుస్తుల్లో కనిపించారు. కారణమడిగితే, మీ సోదరునికి ఈ లోకంతో పనేముంది అన్న అర్థం వచ్చేలా ఆమె జవాబిచ్చారు. భాభీ మాటకూ ఈ మాటకూ ఎంత దగ్గరి పోలికో చూడండి.

అబూ దర్దా (రజి) వచ్చి అతిథికి భోజనం పెట్టారు. తాను మాత్రం రోజా ఉన్నానన్నారు. మీరు తినకపోతే నేనూ తిననని సల్మాన్ (రజి) పట్టుబట్టారు. అది నఫిల్ రోజా గనుక ఆయన విరమించి తిన్నారు. రాత్రి అబూ దర్దా (రజి) నమాజుకు లేవబోతే, పడుకోమన్నారు. కాసేపటికి మళ్ళీ లేవబోతే, మళ్ళీ పడుకోమన్నారు. రాత్రి చివరి భాగంలో మాత్రం తానే లేపారు. ఇద్దరూ కలిసి నమాజు చేశారు. అప్పుడు సల్మాన్ (రజి) అసలు మాట చెప్పారు. మనిషిపై అతని ప్రభువుకు హక్కు ఉంది, అతని ప్రాణానికి హక్కు ఉంది, అతని ఇంటివారికి హక్కు ఉంది. కనుక హక్కుదారులందరికీ వారి వారి హక్కు చెల్లించాలి. ఈ సంగతి విన్న దైవప్రవక్త (స) సల్మాన్ చెప్పింది నిజమేనని ధ్రువపరిచారు. ఇమామ్ బుఖారీ (రహ్మ) ఈ హదీసును తమ గ్రంథంలో నమోదు చేశారు.

ఇక్కడ ‘హక్కు’ అన్న మాటను పట్టించుకోవాలి. ఈ శరీరం మన సొంత ఆస్తి కాదు, అమానతు. దానికి నిద్ర ఇవ్వడం, మందు ఇవ్వడం విలాసం కాదు. అప్పు తీర్చడం వంటిది. బిడ్డల పక్కన కూర్చోవడం తీరిక ఉంటే చేసే పని కాదు, బాకీ. అలాగే నలుగురికి సాయపడటం కూడా మనం దయతలచి విసిరే భిక్ష కాదు. మన సంపాదనలో వారికి ఉన్న హక్కు. ఒకరి బాకీ ఎగ్గొట్టి మరొకరికి దానం చేసినవాణ్ణి లోకం మెచ్చుకోదు. శరీరం బాకీ, ఆలుబిడ్డల బాకీ ఎగ్గొట్టి చేసే సేవ కూడా అంతే. మిగతా బాకీల పేరు చెప్పి ప్రజల బాకీని జీవితాంతం వాయిదా వేయడమూ అంతే.

భాయ్ చేసిన తప్పు మంచిపని చేయడం కాదు. మరో ముగ్గురి హక్కును తెలియకుండానే ఖర్చుపెట్టడం.

శ్రమను లెక్కకట్టిన షరీఅత్

మన ధర్మం కష్టజీవి కష్టాన్ని ఎంతగా గుర్తించిందో తెలుసుకోవాలంటే జకాత్ లెక్కలు చూడాలి. భూమిలో పాతిపెట్టిన పూర్వకాలపు నిధి ఎవరికైనా దొరికితే అందులో ఐదో వంతు తీయాలి. ఎందుకంటే దాని వెనుక శ్రమ దాదాపు లేదు. వానతోనో, ఏటి పారుదలతోనో తనంత తాను పండిన పంటలో పదో వంతు తీయాలి. బావి నుంచి తోడి, శ్రమపడి నీళ్ళు పెట్టిన పంటలో ఇరవయ్యో వంతు చాలు. వ్యాపారపు సొమ్ములో, అంటే ఏడాది పొడవునా కొని, అమ్మి, లాభనష్టాలు భరించి కూడబెట్టినదానిలో నలభయ్యో వంతు, మనం అనుకునే రెండున్నర శాతం.

ఐదు, పది, ఇరవై, నలభై! శ్రమ పెరిగినకొద్దీ ఇవ్వవలసిన వంతు సగం సగం తగ్గుతూ వచ్చింది. మన సీమ రైతుకు ఇది వివరించి చెప్పనక్కర లేదు. మంత్రాలయం, కోసిగి, కౌతాళం మండలాల మెట్టపొలాల్లో వాన కురిస్తే పంట, లేకుంటే బీడు. వాన దయతో నూరు బస్తాల జొన్నలు ఇంటికొస్తే పది బస్తాలు తీయాలి. అవే నూరు బస్తాలు బోరు వేసి, మోటారు కాలిపోతే బాగు చేయించి, కరెంటు కోసం రాత్రిళ్ళు పొలంలో కాపలా పడుకుని పండిస్తే ఐదు బస్తాలే. (పంట ఏ మేరకు ఉంటే ఉష్ర్ తప్పనిసరి అవుతుంది వంటి వివరాలలో ఇమాముల నడుమ భేదాలున్నాయి. దగ్గరలోని ఆలిమును అడిగి తెలుసుకోవాలి.)

దీనిలో మనకు రెండు పాఠాలున్నాయి. మొదటిది, ఎక్కువ కష్టపడేవాని మీద సమాజం ఎక్కువ భారం మోపరాదు. పగలు పన్నెండు గంటలు ఆటో నడిపినవాడినే రాత్రి కూడా ఊరి పనులకు పిలవడం ఈ సూత్రానికి విరుద్ధం. రెండోది, ఎంత కష్టజీవి అయినా వంతు సున్నా కాలేదు. నిసాబు గలవాడు నలభయ్యో వంతు అయినా తీయాల్సిందే. నిసాబు లేనివాని కోసం దైవప్రవక్త (స) వేరే దారులు చూపారు. దారిలోని ముల్లును తొలగించడం దానం, తోటివానిని నవ్వు ముఖంతో పలకరించడం దానం, బరువెత్తుకునేవానికి చేయి వేయడం దానం. కనుక ‘స్థిరపడ్డాక చూద్దాం’ అనే తమ్ముడికి కూడా ఇక్కడ సాకు దొరకదు.

మంచాల గ్రామం చెప్పే చరిత్ర

ఇవ్వడాన్ని వాయిదా వేయకూడదనడానికి దూరం వెళ్ళనక్కర లేదు. మంత్రాలయం చరిత్రే సాక్ష్యం. పూర్వం ఈ ఊరి పేరు మంచాల. బీజాపూరు ఆదిల్‌షాహీ సుల్తానుల తరఫున ఆదోనిని పాలించిన సిద్దీ మసూద్ ఖాన్ ఈ గ్రామాన్ని రాఘవేంద్రస్వామికి దానంగా ఇచ్చాడని మఠ సంప్రదాయం చెబుతుంది. స్వామి బృందావన ప్రవేశం చేసింది 1671లో. ఆఫ్రికా మూలాలు గల ఒక ముస్లిము పాలకుడు ఇచ్చిన నేల మీద వైష్ణవ మఠం వెలసింది. పొరుగువాని మతం అడిగి మేలు చేయమని ఇస్లాం ఎక్కడా చెప్పలేదు. మనపై కత్తి ఎత్తని అన్య మతస్థులతో మంచిగా, న్యాయంగా మెలగమని దివ్య ఖుర్‌ఆన్‌లోని ముమ్తహినా సూరా బోధిస్తోంది.

అదే మసూద్ ఖాన్ ఆదోనిలో జామియా మసీదును కట్టించాడు. నేటికీ ఆదోని వెళ్ళినవారు దాన్ని చూడకుండా రారు.

ఆయనకు తీరిక ఎక్కువై ఈ పనులు చేశాడా? చరిత్ర చూస్తే అలా అనిపించదు. ఒకవైపు మొగలులు, మరోవైపు మరాఠాలు, లోపల సర్దారుల కలహాలు. 1678లో ఆయన బీజాపూరులో రాజ్యభారం మోయవలసి వచ్చింది. ఆ కలతల మధ్య వేగలేక 1683లో బీజాపూరు వదిలి ఆదోనికి తిరిగి వచ్చాడు. 1688లో ఔరంగజేబు సేనలు ఆదోని కోటను స్వాధీనం చేసుకున్నాయి. మొగలు సేనాని ఫిరంగులను మసీదు వైపు తిప్పించాడనీ, ప్రాణం కంటే మిన్నగా చూసుకున్న ఆ మసీదు కూలడం చూడలేక మసూద్ ఖాన్ కోట అప్పగించాడనీ అక్కడి పెద్దలు చెప్పుకుంటారు.

కోట పోయింది. పదవి పోయింది. ఆయన చేతిలో అధికారం ఉన్న కొద్దికాలంలో, పని ఒత్తిడి నడుమనే ఇచ్చినవి మాత్రం నిలిచాయి. కొండమీద శిథిలమైన కోట గోడలను, కింద అయిదు పూటలా అజాన్ వినిపించే మసీదును ఒకే చూపులో చూసినవారికి ఈ తేడా బోధపడుతుంది. రాజ్యం చల్లబడ్డాక ఇద్దామని మసూద్ ఖాన్ ఆగి ఉంటే, ఇవ్వడానికి ఆయన చేతిలో ఏమీ మిగిలేది కాదు. అల్లాహ్ మనకిచ్చిన ఆరోగ్యం, సంపాదన, వయసు కూడా అలాంటి జాగీరులే. ఎప్పుడు చేజారతాయో తెలియదు.

చేసే పనిలోనే సేవ

మరి పని, ఇల్లు, సేవ అన్నింటికీ రోజులో గంటలు ఎక్కడివి? ఈ ప్రశ్నకు మన జిల్లా చరిత్రలోనే ఒక సమాధానం ఉంది. కర్నూలుకు చెందిన డాక్టర్ అబ్దుల్ హఖ్ (1901-1958) మద్రాసులో విద్యారంగంలో పెద్ద బాధ్యతలు నిర్వహించారు. ఉద్యోగం అక్కడ; మనసు మాత్రం సొంత గడ్డ మీద. వెనుకబడిన సీమ పిల్లలు చదువుకోవాలని 1947లో కర్నూలులో ఉస్మానియా కళాశాలను స్థాపించారు. తర్వాతి కాలంలో కర్నూలులో ఏర్పడిన ఉర్దూ విశ్వవిద్యాలయానికి ప్రభుత్వం ఆయన పేరే పెట్టింది.

ఆయన అధ్యాపకుడు; తనకు చేతనైన చదువు ద్వారానే సేవ చేశారు. తనకు రాని పని తలకెత్తుకోలేదు. మనం కూడా ఇలా ఆలోచిస్తే దారి సులువవుతుంది. దర్జీ పని తెలిసిన అక్క నెలకు ఒక పేద పిల్ల స్కూలు దుస్తులు కుట్టి ఇవ్వవచ్చు. లెక్కలు చెప్పే మాస్టారు వారానికి రెండు సాయంత్రాలు పదో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టవచ్చు. మీసేవలో పనిచేసే తమ్ముడు చదువురాని వృద్ధురాలి పింఛను కాగితాలు నింపి పెట్టవచ్చు. రోజూ చేసే పనే గనుక శ్రమ తక్కువ, ఫలితం ఎక్కువ. అల్లాహ్‌కు అత్యంత ప్రియమైన ఆచరణ కొద్దిదైనా విడవకుండా చేసేదేనని దైవప్రవక్త (స) తెలిపారు కదా. ఒక నెల ఒళ్ళు హూనం చేసుకుని, ఆరు నెలలు అలసి కూర్చునే సేవ కంటే వారానికి రెండు గంటల సేవ మేలు.

అయితే లెక్క చూసుకోకూడని రోజులు కూడా వస్తాయి. 2009 అక్టోబరు 2, శుక్రవారం నాడు తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని, కర్నూలు నగరాన్ని ముంచెత్తింది. ఆ రోజుల్లో ఎందరో తిండీ నిద్రా మాని బురదలో దిగి మనుషుల్ని బయటకు లాగారు, అన్నం వండి పెట్టారు. అలాంటి వేళ గడియారం చూసేవాడు విశ్వాసి కాడు. కానీ వరద తీసిపోతుంది. ఏడాది పొడవునా ప్రతిరోజునూ వరద రోజులా గడపడం ఏ శరీరానికీ సాధ్యం కాదు.

ఒంటి బాకీ

మన పెద్దలు ‘పని చేసి చచ్చినవాడు లేడు’ అనేవారు. ఆ మాటను ఇప్పుడు కాస్త సవరించుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అధ్యయనం ప్రకటించాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకుమించి పనిచేసేవారికి పక్షవాతం వచ్చే ముప్పు 35 శాతం, గుండెపోటు వంటి గుండె జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని తేల్చాయి. ఒక్క 2016లోనే అధిక పనిగంటల కారణంగా ప్రపంచవ్యాప్తంగా సుమారు 7 లక్షల 45 వేల మంది మరణించారని అంచనా వేశాయి. ఇక చక్కెర జబ్బు విషయానికొస్తే, మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి పైగా ఉందని భారత వైద్య పరిశోధన మండలి 2023లో వెలువరించిన సర్వే తెలిపింది.

ఇస్లాం ఆరాధనల్లోనే శరీరానికి సౌలభ్యం ఉంచింది. రోగికీ ప్రయాణికునికీ రోజా వాయిదా వేసుకునే వీలిచ్చింది. నిలబడలేనివాడు కూర్చుని, కూర్చోలేనివాడు పడుకుని నమాజు చేయవచ్చంది. ఫర్జ్ ఆరాధనలోనే ఇంత వెసులుబాటు ఉంటే, కమిటీ మీటింగుకు రాలేనని చెప్పడానికి జబ్బుపడ్డ మనిషి సిగ్గుపడటమెందుకు? పనికీ హద్దు ఉంది. జుమా సూరాలో అజాన్ వినగానే క్రయవిక్రయాలు వదలి రమ్మనీ, నమాజు ముగిశాక భూమిపై విస్తరించి దైవానుగ్రహాన్ని అన్వేషించమనీ ఆదేశం ఉంది. అంటే సంపాదన తప్పు కాదు. ఆపవలసిన చోట ఆపకపోవడమే తప్పు.

ఇల్లాలి విషయం ఇంకా ముఖ్యం. మగవాని సేవకు పేరొస్తుంది. ఆయన వెంట పదిమందికి టీ కాచి, ఆయన లేని పూట ఇల్లు నెట్టుకొచ్చిన స్త్రీ అలసట ఎవరి లెక్కలోకీ రాదు. ఆమె శరీరానికీ హక్కు ఉంది. ఆమెకూ డాక్టరు దగ్గరకు వెళ్ళే తీరిక, పుట్టింటికి వెళ్ళే తీరిక, ఇష్టమైన మంచిపని చేసుకునే తీరిక కావాలి. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో సాయపడేవారనీ, నమాజు వేళ కాగానే లేచి వెళ్ళేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. మూడు ధర్మాలు ఒక్క దినచర్యలో ఇమిడిన తీరు ఇది.

ఇచ్చేవారు, పుచ్చుకునేవారు

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. మంత్రాలయం చుట్టుపక్కల ఖరీఫ్ పనులు అయిపోగానే సుగ్గికి బయల్దేరే కుటుంబాలు ఎన్నో. గుంటూరు వైపు మిరప కోతలకు, మరికొందరు బెంగుళూరు భవనాల పనులకు మూటాముల్లె సర్దుకుని పోతారు. పిల్లల చదువులు మధ్యలో తెగిపోతాయి. ఇలాంటి కుటుంబాల ముందు నిలబడి సేవ గురించి ఉపన్యసించడం తగదు. వారిది ప్రస్తుతానికి పుచ్చుకునే హక్కు. ఆ హక్కును వారు అడగకముందే చెల్లించవలసింది మనం.

ఎలా? ఊళ్ళో ఉండిపోయే కుటుంబాలు సుగ్గికి వెళ్ళే బంధువుల పిల్లల్ని ఆ మూడు, నాలుగు నెలలు తమ ఇంట ఉంచుకుని బడికి పంపవచ్చు. వలస పిల్లల కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్ళు తెరిచినప్పుడు అర్హులైన పిల్లల్ని చేర్పించడం మసీదు కమిటీలు తమ బాధ్యతగా తీసుకోవచ్చు. వలస వెళ్ళిన ఇంట వృద్ధులు ఒంటరిగా ఉంటే పొరుగువారు పూటకోసారి తలుపు తట్టి చూడవచ్చు. ఇవేవీ పెద్ద డబ్బుతో కూడిన పనులు కావు.

ఇవ్వడానికీ ఒక అవధి ఉంది. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడి, తన ఆస్తిలో మూడింట రెండు వంతులు దానం చేస్తానంటే దైవప్రవక్త (స) వద్దన్నారు. సగమన్నా వద్దన్నారు. మూడో వంతు చాలు, అదీ ఎక్కువేనన్నారు. వారసులను నలుగురి ముందు చేయిచాచేలా వదిలి వెళ్ళడం కంటే కలిగినవారిగా వదిలి వెళ్ళడం మేలని బోధించారు. ఆటో కిస్తీ కట్టవలసిన డబ్బు చందాకు ఇచ్చేసి, చివరికి బిడ్డ చదువు ఆపుకోవలసిన స్థితి తెచ్చుకున్న భాయ్‌కు ఎవరైనా ఈ హదీసును ముందే గుర్తుచేసి ఉంటే ఎంత బాగుండేది! ఆ మాట చెప్పవలసినవాళ్ళం మనమే. చెప్పలేదు. ఎందుకంటే ఆయన చేస్తున్నంత కాలం మనకు హాయిగా ఉంది. ఈ ఉదంతంలో భాయ్ తప్పు కంటే మన తప్పే పెద్దది.

వంతుల పుస్తకం

భాయ్ మంచం పట్టిన రోజుల్లోనే ఊళ్ళో ఒక వృద్ధుడు మరణించాడు. గుసుల్ ఎలా చేయించాలో సరిగా తెలిసినవారు లేక జనాజా ఆలస్యమైంది. అప్పుడు గాని జమాఅత్‌కు కనువిప్పు కలగలేదు. మరుసటి జుమా నమాజు తర్వాత పదిమంది యువకులు మసీదు వరండాలో కూర్చున్నారు. ఒక రూళ్ళ పుస్తకం తెచ్చి వంతులు రాశారు. మయ్యిత్ పనులకు ఇద్దరు, రోగులను ఆదోనికి చేర్చడానికి ముగ్గురు, లెక్కలకు ఒకరు. నెల కాగానే వంతు మారాలి. గురువారం రాత్రి ఆటో నడిపేవారికి శుక్రవారం ఏ పనీ చెప్పకూడదని కూడా అందులో రాసుకున్నారు. స్త్రీల మయ్యిత్‌కు గుసుల్ చేయించడం నేర్చుకుంటామని నలుగురు అక్కచెల్లెళ్ళు ముందుకొచ్చారు.

నేర్పింది ఎవరనుకున్నారు? భాయ్, భాభీలే. కాలు చాపుకుని కుర్చీలో కూర్చుని ఆయన యువకులకు చెబుతుంటే, లోపలి గదిలో ఆమె స్త్రీలకు చెప్పింది. బెంగుళూరు తమ్ముడు ఆటో కిస్తీలు మూడు కట్టాడు. కూతురి చదువు ఆగలేదు. రోగుల ప్రయాణపు ఖర్చులకని నెలనెలా కొంత పంపుతున్నాడు. ఇల్లు మాత్రం ఇంకా సగం గోడల దగ్గరే ఉంది.

మొన్న మేము వెళ్ళేసరికి ఇషా అయింది. భాయ్ పిల్లలతో కూర్చుని రొట్టె తింటున్నాడు. పక్కనే మాత్రల డబ్బా. ఇంతలో ఫోను మోగింది. ఎవరికో ఆయాసంగా ఉందట. ఆయన చటాక్కున లేవబోయాడు. అలవాటు అలాంటిది. మళ్ళీ కూర్చుని, గోడకు తగిలించిన వంతుల కాగితం చూసి ఒక కుర్రవాని పేరు చెప్పాడు. అయిదు నిమిషాల్లో వీధిలో ఆటో శబ్దం వినిపించింది.

“నేను పోకపోయినా పని ఆగలేదన్నా” అన్నాడు భాయ్ మాతో. ఆ మాటలో బాధ లేదు, నిశ్చింత ఉంది.

ఈ జుమా నమాజు నుంచి ఇంటికి వెళ్ళాక మనం కూడా ఒక్కసారి లెక్క చూసుకుందాం. ప్రభువు హక్కు, ఒంటి హక్కు, ఇంటివారి హక్కు, ఇరుగుపొరుగు హక్కు. ఈ నాలుగింటిలో ఎవరి బాకీ ఎక్కువగా పేరుకుపోయిందో వారితో మొదలుపెడదాం. మన మసీదులో అన్ని పనులూ ఒక్కరే మోస్తుంటే, వారి దగ్గరకు వెళ్ళి ఒక పని అడిగి తీసుకుందాం. హక్కులన్నీ ఎవరివి వారికి చెల్లించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.